మాత్ర నేర్పే పాఠం

విజ్ఞానశాస్త్రం ప్రశ్నతో పుట్టింది. కాని జూనియర్ కళాశాలల ప్రయోగశాలల్లో అది తరచుగా జవాబుతో మొదలవుతుంది. బ్యూరెట్‌లో ద్రావణం ఎంతవరకు దిగాలో, ఏ లవణానికి ఏ రంగు అవక్షేపం రావాలో విద్యార్థికి ముందే తెలుసు. రావలసిన విలువ రానప్పుడు తప్పు ఎక్కడ జరిగిందని వెదికేవారు కొందరే. ఎక్కువమంది పక్కనున్న మిత్రుని రికార్డులోని అంకెను తమ రికార్డులోకి దించుకుంటారు. రికార్డు మీద సంతకం పడుతుంది, మార్కులూ వస్తాయి. అయితే ఆ పూట విద్యార్థి నిజంగా నేర్చుకున్నది రసాయనశాస్త్రం కాదు. కంటికి కనిపించిన దానిని కాదని, కాగితం మీద ఉన్నదానికి తలవంచడం నేర్చుకున్నాడు.

పాఠ్యప్రణాళికలోని ప్రయోగాలు అనవసరమని దీని అర్థం కాదు. పిపెట్‌ను పట్టుకోవడం, అంశమాపనంలో రంగు మారే క్షణాన్ని గుర్తించడం, తూకం సరిగా వేయడం చేతికి రావలసిన విద్యలు. సంగీతం నేర్చేవారికి సరళీ స్వరాల వంటివి అవి. కాని జీవితమంతా సరళీ స్వరాలే పాడేవారిని ఎవరూ గాయకులనరు. రెండేళ్ల ఇంటర్మీడియట్ చదువులో కనీసం ఒక్కసారైనా విద్యార్థి తన ప్రశ్నను తానే వేసుకుని, దానికి తగిన ప్రయోగాన్ని తానే రూపొందించుకుని, వచ్చిన ఫలితాన్ని వచ్చినట్లుగా రాసే అవకాశం ఉండాలి. అందుకు ఖరీదైన యంత్రాలు అక్కరలేదు. మందుల దుకాణంలో దొరికే ఒక చిన్న మాత్ర చాలు.

మాత్రల మీద పూత ఎందుకుంటుంది? చేదును దాచడానికి కొన్నింటిపై చక్కెర పూత పూస్తారు. తేమ సోకకుండా, మింగడానికి నున్నగా ఉండడానికి మరికొన్నింటిపై పలుచని పొర వేస్తారు. ఈ రెండు రకాల పూతలూ కడుపులోకి చేరగానే కరిగిపోతాయి. మూడవ రకం పూత వీటికి భిన్నమైనది. అది జీర్ణాశయంలో కరగకుండా నిలిచి, చిన్న పేగులోకి చేరిన తరువాతనే విడిపోతుంది. దీనినే ఎంటరిక్ పూత అంటారు. ఆస్పిరిన్ వంటి మందు జీర్ణాశయపు లోపలి పొరను బాధించకుండా చూడడం దీని ప్రయోజనాలలో ఒకటి. ఒమెప్రజోల్ వంటి మందు విషయంలో అవసరం తలకిందులవుతుంది. అక్కడ జీర్ణాశయాన్ని మందు నుంచి కాక, మందునే జీర్ణాశయంలోని ఆమ్లం నుంచి కాపాడాలి. ఆమ్లం తగిలితే ఆ మందు చెడిపోతుంది.

ఈ సంగతి తెలియక ఎన్నో ఇళ్లలో మాత్ర మింగలేని వృద్ధులకు దానిని చెంచాలో పొడిచేసి, నీళ్లలో కలిపి పట్టించడం కనిపిస్తుంది. ప్రేమతో చేసే పని అది. కాని పూత ఉన్న మాత్రను నలిపితే ఆ పూత పని అక్కడితో ముగిసిపోతుంది. వైద్యుడు 'నమలకుండా మింగండి' అని చెప్పిన మాటలో ఎంత రసాయనశాస్త్రం ఇమిడి ఉందో ఆ ఇంట్లో చదువుకుంటున్న విద్యార్థికి తెలిస్తే, అది పరీక్షలో వచ్చే మార్కుల కంటె విలువైన చదువే అవుతుంది.

జఠర రసంలో హైడ్రోక్లోరికామ్లం ఉన్నదని 1824లో ఇంగ్లండుకు చెందిన విలియం ప్రౌట్ నిరూపించాడు. ఆమ్లతను కొలిచే పీహెచ్ కొలమానాన్ని 1909లో డెన్మార్క్ శాస్త్రవేత్త సోరెన్‌సెన్ ప్రవేశపెట్టాడు. ఆహారం లేని వేళ జీర్ణాశయంలో పీహెచ్ విలువ ఇంచుమించు 1 నుంచి 3 వరకు ఉంటుంది; చిన్న పేగులో 6 నుంచి 7 దాటే వరకు ఉంటుంది. ఈ అంకెల మధ్య దూరం చూపుకు చిన్నది. కాని పీహెచ్ ఒక్క అంకె తగ్గితే ఆమ్లత పదింతలు పెరుగుతుంది. పీహెచ్ 2 ఉన్న ద్రావణం, పీహెచ్ 6 ఉన్న దానికంటె మూడు రెట్లు కాదు, పదివేల రెట్లు ఆమ్లయుతమైనది. సంవర్గమానాలను గణితం తరగతిలో బట్టీపట్టిన విద్యార్థికి వాటి బలం ఇక్కడ తెలిసివస్తుంది.

ఆమ్లంలో కరగని వస్తువు అంతకంటె ఎన్నో రెట్లు సౌమ్యమైన ద్రవంలో కరగడం వింతగానే తోస్తుంది. దీని కీలకం పూతలోని అణువుల నిర్మాణంలో ఉంది. ఈ పూతలకు వాడే పాలిమర్లలో కార్బాక్సిలిక్ ఆమ్ల సమూహాలుంటాయి. చుట్టూ ఆమ్లత ఎక్కువగా ఉన్నంతసేపు అవి తమ హైడ్రోజన్‌ను విడిచిపెట్టవు. విద్యుదావేశం లేని పూత నీటిలో కలవదు. ఆమ్లత తగ్గినప్పుడు హైడ్రోజన్ అయానులు విడిపోయి, అణువులు రుణావేశం పొందుతాయి. అప్పుడు నీరు వాటిని తనలోకి లాక్కుంటుంది. ఏ ఎండకా గొడుగు పట్టడం మనుషుల్లో మెచ్చదగిన గుణం కాకపోవచ్చు. మాత్రకు మాత్రం అదే ప్రాణం.

ఈ ఆలోచన ఈనాటిది కాదు. జర్మన్ వైద్యుడు పాల్ గెర్సన్ ఉన్నా 1884లోనే కెరటిన్ పూతతో మాత్రలు తయారుచేయించాడు. తరువాతి కాలంలో లక్క కూడా ఈ పనికి వచ్చింది. మోదుగ, కుసుమ వంటి చెట్ల కొమ్మలపై లక్క పురుగులు స్రవించే ఈ పదార్థం ఆమ్లంలో కరగదు. క్షారగుణం గల ద్రవంలో కరుగుతుంది. ఏటికొప్పాక బొమ్మలకు నునుపునూ మెరుపునూ ఇచ్చేది ఈ లక్కే. ఆడుకునే బొమ్మకూ మింగే మాత్రకూ ఒకే చెట్టు కొమ్మ మీద చుట్టరికం కలిసిందన్నమాట. ఇప్పుడు ఎక్కువగా కృత్రిమ పాలిమర్లు వాడుకలో ఉన్నప్పటికీ సూత్రం అదే.

ఇక ప్రయోగం మాట. జీర్ణక్రియను పరీక్షకు పెట్టినవారి చరిత్రే ఒక పాఠం. కడుపు ఆహారాన్ని తిరగలిలా నలుపుతుందా, లేక ఏదైనా ద్రవంతో కరిగిస్తుందా అన్న వివాదాన్ని తేల్చడానికి 1752లో ఫ్రాన్స్‌కు చెందిన రియోమూర్ ఒక గద్ద చేత లోహపు గొట్టాలను మింగించాడు. మాంసం పెట్టిన ఆ గొట్టాల కొసలకు జల్లెడ వంటి మూతలున్నాయి. నలిపే శక్తి గొట్టం లోపలికి పోలేదు, ద్రవం పోగలదు. గద్ద బయటికి కక్కిన గొట్టాల్లో మాంసం చాలావరకు కరిగిపోయి కనిపించింది. రెండు కారణాలలో ఒకదానిని అడ్డగించి రెండవదానికి మాత్రమే దారి ఇవ్వడం ఆ ప్రయోగంలోని తెలివి. మంచి ప్రయోగానికి నేటికీ అదే లక్షణం.

1822లో అమెరికాలోని మెకినాక్ దీవిలో అలెక్సిస్ సెయింట్ మార్టిన్ అనే యువకునికి తుపాకి గుండు తగిలి, గాయం మానినా జీర్ణాశయానికి రంధ్రం మిగిలిపోయింది. చికిత్స చేసిన విలియం బోమాంట్ అనే సైనిక వైద్యుడు ఆహారపు ముక్కలను పట్టుదారానికి కట్టి ఆ రంధ్రం గుండా లోపలికి దించి, నిర్ణీత కాలానికి పైకి తీసి చూసేవాడు. జఠర రసాన్ని వెలికితీసి, సీసాలో పోసి, శరీరమంత వెచ్చగా ఉంచి, అందులోనూ ఆహారం కరుగుతున్నదని గమనించాడు. ఆ పరిశీలనలన్నీ 1833లో గ్రంథరూపంలో వెలువడ్డాయి. శాస్త్రానికి కలిగిన లాభం పెద్దదే. అయినా ఆ జ్ఞానం ఒక నిరుపేద శరీరం మీద సాగిన పరిశోధన నుంచి వచ్చిందన్న సంగతినీ విద్యార్థి మరువరాదు. ఈనాడు అదే ప్రశ్నను గాజుబీకరులో అడగగలగడం అదృష్టం.

బీకరును అడగడానికీ పద్ధతి ఉంది. 'ఆమ్లం మాత్రను ఏం చేస్తుంది?' అన్నది ప్రశ్న కాదు, కుతూహలం మాత్రమే. 'పీహెచ్ మారితే ఎంటరిక్ పూత విడిపోవడానికి పట్టే కాలం ఎలా మారుతుంది?' అన్నప్పుడు అది ప్రయోగానికి లొంగే ప్రశ్న అవుతుంది. ఇందులో ప్రయోగకర్త తన చేతితో మార్చేది ఒక్కటే: పీహెచ్. కొలిచేది ఒక్కటే: కాలం. మిగిలినవన్నీ కదలకుండా ఉండాలి. మాత్రలు ఒకే కంపెనీవి, ఒకే బ్యాచ్‌వి కావాలి. ద్రావణం పరిమాణం, ఉష్ణోగ్రత, కలియబెట్టే తీరు అన్ని బీకర్లలోనూ సమానంగా ఉండాలి. ఉష్ణోగ్రత 37 డిగ్రీల సెల్సియస్ అయితే శరీరానికి దగ్గరగా ఉంటుంది.

సాధారణంగా విద్యార్థులకు మొదట తట్టే ఆలోచన నిమ్మరసం, వెనిగర్, మజ్జిగ, నీళ్లు, వంటసోడా ద్రావణం వరసగా పెట్టి చూడడం. తొలి పరిచయానికి అది మంచిదే. మందార పూరేకుల రసంతో వాటి ఆమ్లతను పోల్చుకోవచ్చు. పసుపుతో క్షారాన్ని గుర్తించవచ్చు. పసుపులో సున్నం కలిపి పారాణి చేసుకున్న ఇళ్లకు సూచికలంటే కొత్త కాదు. అయితే నిమ్మరసానికీ మజ్జిగకూ మధ్య తేడా ఆమ్లత ఒక్కటేనా? ఒకదానిలో సిట్రికామ్లం, మరొకదానిలో లాక్టికామ్లం. ఒకటి పలుచన, మరొకటి చిక్కన. మజ్జిగలో మాంసకృత్తులు, వెన్న కూడా ఉంటాయి. మాత్ర ఒకదానిలో ముందు కరిగితే ఆ ఘనత దేనిది? ఒక్క చలరాశిని మార్చానని అనుకుంటూ పదింటిని మార్చడం ఇదే. ఈ లోపాన్ని ఉపాధ్యాయుడు చెప్పకముందే విద్యార్థి పట్టుకుంటే, ప్రయోగం మొదలు కాకమునుపే సగం ఫలించినట్లు.

కనుక హైడ్రోక్లోరికామ్లాన్నే వేర్వేరు గాఢతల్లో తీసుకోవడం మేలు. 0.1 మోలార్ ద్రావణం పీహెచ్ 1కి, దానిని పదింతలు విలీనం చేస్తే పీహెచ్ 2కు, మరో పదింతలు చేస్తే పీహెచ్ 3కు దగ్గరగా ఉంటుంది. ఆపై విలువలకు బఫర్ ద్రావణాలు కావాలి. ఉత్త నీరు ఎందుకు చాలదు? ఆస్పిరిన్ స్వయంగా ఆమ్లం. మాత్ర విడిపోగానే అది నీటిలో కరిగి నీటి పీహెచ్‌నే మార్చివేస్తుంది. కొలబద్దే కదిలిపోతే కొలతకు అర్థం ఉండదు. కదలని కొలబద్దను బఫర్ ఇస్తుంది. బఫర్‌లోని లవణాలు వేరు కనుక వాటి ప్రభావం కొంత ఉండవచ్చునని రికార్డులో రాసుకోవడం నిజాయితీ.

పూతలేని ఆస్పిరిన్ మాత్రలనూ అవే ద్రావణాల్లో వేసి చూడాలి. లేకపోతే కనిపించిన ఆలస్యం పూత వల్లనో, మాత్ర గట్టిదనం వల్లనో తేలదు. 'విడిపోవడం' అంటే ఏమిటో ముందే నిర్ణయించుకోవాలి: పూతపై తొలి పగులా, లోపలి తెల్లని పొడి బయటపడడమా, మాత్ర పూర్తిగా చెదిరిపోవడమా? ప్రయోగం మధ్యలో ఈ నిర్వచనం మారితే ఫలితం ప్రయోగకర్త ఇష్టాన్ని అనుసరిస్తుంది. తాను పట్టిన కుందేలుకు మూడే కాళ్లన్న సామెత శాస్త్రవేత్తలకూ వర్తిస్తుంది. అందుకే ఏ బీకరులో ఏ ద్రావణముందో తెలియని మిత్రుని చేత సమయం రాయించడం మంచి ఉపాయం.

ఇండియన్ ఫార్మకోపియా అనే ఔషధ ప్రమాణ గ్రంథం ఇటువంటి మాత్రలను మొదట 0.1 మోలార్ హైడ్రోక్లోరికామ్లంలో రెండు గంటలు ఉంచమంటుంది. అప్పటికి పూత చెక్కుచెదరకూడదు. తరువాత పీహెచ్ 6.8 గల ఫాస్ఫేట్ బఫర్‌లోకి మార్చితే గంటలోగా విడిపోవాలి. కళాశాలలో జరిగేది ఈ అధికారిక పరీక్షకు సమానం కాదు. దానికి ప్రత్యేకమైన యంత్రముంది. కాని ఆ పరీక్ష వెనుక ఉన్న ఆలోచన విద్యార్థి ఆలోచన వంటిదే. జీర్ణాశయం, ఆపై చిన్న పేగు అనే క్రమాన్ని రెండు బీకర్లు అనుకరిస్తాయి.

ఈ ప్రయోగంలో అసలైన అందం ఫలితంలో ఉంది. ఆమ్లం ఎంత బలమైనదైతే వస్తువు అంత త్వరగా కరుగుతుందని చాలామంది ఊహిస్తారు. ఇక్కడ జరిగేది విపర్యయం. ఘాటైన ఆమ్లంలో మాత్ర గంటల తరబడి రాయిలా పడి ఉంటుంది. దాదాపు తటస్థమైన ద్రావణంలో విచ్చిపోతుంది. ఊహ తప్పిన ఆ క్షణంలో విద్యార్థి ముందు రెండు దారులుంటాయి. 'ఏదో పొరపాటు జరిగింది' అని ఊహకు తగిన అంకెలు వేసుకోవడం ఒకటి. 'నా ఊహే తప్పేమో' అని ఆగి ఆలోచించడం రెండవది. మొదటి దారి రికార్డును అలంకరిస్తుంది. రెండవ దారి మనిషిని తీర్చిదిద్దుతుంది.

ఆరు మాత్రలలో ఒకటి మాత్రం ఆమ్లంలోనే పగిలిందనుకుందాం. దానిని లెక్కలోంచి తీసివేయవచ్చునా? సగటు అందంగా రావాలంటే తీసివేయాలనిపిస్తుంది. కాని ఆ మాత్ర పూతలో కంటికి కనిపించని పగులు ఉండి ఉండవచ్చు. అటువంటి మాత్రే ఒక రోగి చేతికీ వెళ్లవచ్చు. మాత్రలు విడిపోయే కాలాన్ని పరీక్షించేటప్పుడు ఆరింటిలో ఒకటి రెండు తప్పితే మరో పన్నెండింటిని పరీక్షించాలన్నది ప్రమాణ గ్రంథాల నియమం. తప్పిన మాత్రను పారవేయమని అవి చెప్పవు, ఇంకా చూడమంటాయి. విద్యార్థి కూడా అదే చేయాలి. ఆ ఆరవ మాత్ర సంగతి రాయని రికార్డు ఎంత చక్కగా ఉన్నా అసత్యమే.

ఫలితానికి హద్దు గీయడం కూడా ప్రయోగంలో భాగమే. బీకరు కడుపు కాదు. కడుపులో ఆహారం ఉంటుంది, ఎంజైములు ఉంటాయి, కండరాల కదలిక ఉంటుంది. భోజనం చేసిన తరువాత పీహెచ్ కూడా పెరుగుతుంది. కనుక 'ఈ బ్యాచ్ మాత్రల పూత ఈ పరిస్థితుల్లో ఇంతసేపు నిలిచింది' అని మాత్రమే చెప్పవచ్చు. ఇంటికి వెళ్లి ఎవరి మందునైనా మార్చమని చెప్పే అధికారం ఆ ఫలితం ఇవ్వదు. అది వైద్యుని పని. మాత్రలను అధ్యాపకుల ద్వారానే తెప్పించుకోవాలి. ఆమ్లాన్ని నీటిలో పోయాలి గాని నీటిని ఆమ్లంలో పోయరాదు. కళ్లద్దాలు ధరించాలి, దేనినీ రుచి చూడరాదు.

ఇటువంటి ప్రయోగాలకు వ్యవధి ఎక్కడిదన్న అభ్యంతరం సహజం. ప్రవేశ పరీక్షల ఒత్తిడి ఒకవైపు, కిక్కిరిసిన తరగతులు మరొకవైపు అధ్యాపకులను కట్టిపడేస్తున్న మాట నిజం. అనేక కళాశాలల్లో ప్రయోగశాల తాళం పరీక్షల ముందు మాత్రమే తీస్తారన్నదీ నిజం. ఒక్క అధ్యాపకుడు వందమంది ప్రశ్నలను విడివిడిగా చూడలేడు. అయితే ప్రతివారూ ప్రతి నెలా పరిశోధన చేయాలని ఎవరూ కోరడం లేదు. నలుగురైదుగురు చొప్పున జట్టుగా, ఏడాదికి ఒక్క ప్రయోగం చాలు. పిండి కొద్దీ రొట్టె. మార్కులు వచ్చిన జవాబుకు కాక, ప్రయోగాన్ని రూపొందించిన తీరుకూ, లోపాలను ఒప్పుకున్న నిజాయితీకీ వేస్తే దించుకోవడంలో లాభముండదు. లాభం లేని చోట ఆ అలవాటు తానే తగ్గుతుంది.

అసలు ఈ అలవాటు ఖరీదు కళాశాలలో తెలియదు, తరువాత తెలుస్తుంది. 1937లో అమెరికాలో సల్ఫానిలమైడ్ అనే మందును తాగడానికి వీలైన ద్రవంగా మార్చడానికి డైఇథిలీన్ గ్లైకాల్‌లో కరిగించారు. రంగునూ రుచినీ వాసననూ చూశారు గాని, ఆ ద్రావణి విషమా కాదా అని ఎవరూ పరీక్షించలేదు. వందమందికి పైగా మరణించారు. వారిలో పిల్లలు ఎందరో ఉన్నారు. మరుసటి ఏడాది ఆ దేశంలో మందుల భద్రతను ముందుగా నిరూపించాలని చట్టం వచ్చింది. మందు మంచిదే, దానిని మోసిన ద్రవం ప్రాణాలు తీసింది. పూత కావచ్చు, ద్రావణి కావచ్చు, పరీక్షించని వస్తువును నమ్మరాదని ఆ విషాదం చాటింది.

నేడు హైదరాబాదు మందుల తయారీకి పేరుగాంచిన నగరం. దాని చుట్టుపక్కల కర్మాగారాల్లో తయారైన మాత్రలు ఎన్నో దేశాలకు వెళుతున్నాయి. ఇప్పుడు ఇంటర్మీడియట్ చదువుతున్న వారిలో కొందరు రేపు ఆ కర్మాగారాల నాణ్యతా పరీక్షశాలల్లో కూర్చుంటారు. వారి ముందు ఆరు మాత్రలుంటాయి, గడియారముంటుంది, పూరించవలసిన ఒక కాగితముంటుంది. చూసినది రాయడమా, రావలసినది రాయడమా అన్న పరీక్ష అక్కడ మళ్లీ ఎదురవుతుంది. అక్కడ పక్కవారి అంకెను దించితే నష్టపోయేది మార్కులు కావు. ఎక్కడో ఒక ఊరిలో ఆ మాత్రను నమ్మి మింగిన రోగి నష్టపోతాడు.

అందుచేత విద్యార్థి తన రికార్డులో రాసే ప్రతి అంకె ఒక వాగ్దానం వంటిది. 'దీనిని నేను చూశాను' అన్నది ఆ వాగ్దానం. పదిహేడేళ్ల వయసులో ఒక చిన్న మాత్ర ముందు రెండు గంటలు ఓపికగా కూర్చుని, ఊహించనిది కనిపించినా ఉన్నదున్నట్లు రాసిన చేయి, పెద్దయిన తరువాత అబద్ధపు అంకె రాయడానికి వెనుకాడుతుంది. ఆ వెనుకాటును నేర్పగలిగిన ప్రయోగశాలే నిజమైన ప్రయోగశాల.